జాలీకి జానెడు దూరం

"ఆగండి! ఎవరూ తొక్కొద్దు!"

లోరెటా కేకకి వీధిలో ఉన్న ఒకే ఒక్క ప్రాణి, ఓ పిల్లి, ఆగి చూసి, తొక్కకుండానే చక్కా పోయింది.

రోడ్డు మీద చాపంత మేర పచ్చటి మడుగు. ఈ ఊళ్ళో ఏ వీధిలో ఏది ఒలికినా లోరెటా, డ్వేన్ పనిచేసే మునిసిపల్ ఆఫీసులో ఫోను పలుకుతుంది. అది విషమో, ఉత్త వేషమో తేలేదాకా పూచీ వీళ్ళదే.

డ్వేన్ వ్యాన్లోంచి సామాను దింపుతున్నాడు. "ఇసుక బస్తా ఉంది, డ్రైనేజీ జాలీ మీద కప్పే రబ్బరు చాప ఉంది. కాలవ నీళ్ళు ఎటు పోతున్నాయో చూసే రంగుపొడి మాత్రం అడుగంటింది అక్కా."

"దానితో ఇప్పుడేం పని? చాప వెయ్యి."

"వెయ్యడం దండగ. ఎప్పట్లాగే జాలీకి జానెడు దూరంలో ఆగిపోయింది. జాలి గల మరక!" సీసాలోకి నమూనా పట్టాడు. "ప్రతి మంగళవారం ఇదే చోటు. ఫోను చేసేది ఆ ఎదురింటి బ్రోనీ తాతే. ల్యాబులో తేలేది రంగునీళ్ళే. మనిషి చెయ్యి పడకుండా మరక మరల మరల ఎలా వస్తుందక్కా?"

"పాపం, ఒంటరి మనిషి."

"పాపం ఆయనది, పరుగు మనది! పెద్దసారు ఇక ఊరుకోనన్నాడు. రేపు ఆ స్తంభానికి కెమెరా పెడుతున్నారు. దొరికితే కోర్టే. తాత ఇల్లమ్మి జరిమానా కట్టుకోవాల్సిందే."

లోరెటా చేతిలో ఇసుక పార ఆగిపోయింది.

ల్యాబు కబురు వచ్చేదాకా మరక దగ్గర ఒకరు కాపలా ఉండాలి. అది రూలు. ఆ ఒకరు ఎప్పుడూ లోరెటాయే.

"ఈసారి నేనుంటాలే, నువ్వెళ్ళు" అన్నాడు డ్వేన్.

"వద్దులేరా. ఇంట్లో నాతో గుర్రుమనేది ఫ్రిజ్జొక్కటే. ఇక్కడ మరకైనా తోడుంది."

వ్యాను మలుపు తిరిగిందో లేదో, ఎదురింటి తలుపు తెరుచుకుంది. బ్రోనీ ఒక చేత్తో కాఫీ, ఇంకో చేత్తో గసగసాల కేకు పట్టుకుని మెట్ల మీదికొచ్చాడు. కేకు మీద పచ్చటి పంచదార పూత.

లోరెటా ఆ పచ్చదనం వంక చూసింది. "ఇదేం రంగు పెద్దాయనా?"

"మా ఆవిడ కొన్న సీసా. ఆవిడ పోయింది, రంగు మిగిలింది. నాకా నిద్ర పట్టదు. తెల్లారకముందే లేచి రోడ్డు కనబడే ఆ కిటికీ దగ్గర కూర్చుంటా. మంగళవారమైతే మాత్రం కూర్చోను, పిండి కలుపుతా. తిను."

లోరెటా ముక్క అందుకుంది.

"ఆ తొడుగులు తీసి తినరాదూ?"

"చలి" అంది లోరెటా.

ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. ఆయన మోకాలి నొప్పి చెప్పాడు, ఆవిడ నడుం నొప్పి చెప్పింది. కేకు అయిపోయింది. నొప్పులు మిగిలాయి.

లోరెటా గొంతు తగ్గించింది. "పెద్దాయనా, రేపు ఆ స్తంభానికి కెమెరా పెడతారు. ఇది పోస్తున్నదెవరో నేనడగను. కానీ ఇక ఆపెయ్యాలి. దొరికితే బతుకు రోడ్డున పడుతుంది."

"పొయ్యకపోతే?"

"మరక లేకపోతే మా వ్యాను ఈ వీధి మొహం చూడదు." లోరెటా ఆ మాట అంటూ తల తిప్పుకుంది.

బ్రోనీ ఆవిడ కప్పులో చల్లారిన కాఫీ పారబోసి, లోపల్నించి వేడిది తెచ్చి నింపాడు.

"వచ్చే మంగళవారం ఏమీ పొయ్యకుండానే రా, అమ్మాయ్."