కుదరదమ్మా

"ఈ ఒక్కరోజూ ఆగమ్మా. బట్టల లోడు పొద్దున్నే వెళ్ళిపోవాలి," అంది మేనేజర్, ఇస్త్రీ బల్ల పక్కన నిలబడి.

"కుదరదమ్మా," అంది పెద్దావిడ, చొక్కా మీంచి చూపు తిప్పకుండానే.

"నిన్నా ఇదే మాట, మొన్నా ఇదే మాట. పైవాళ్ళకి నేనేం చెప్పుకోను?"

"ఇంటి దగ్గర పసిపిల్ల ఉంది."

"రెండు గంటలు చూసేవాళ్ళే దొరకరా?"

"కన్నతల్లి ఉంది. దానికే తీరిక లేదు."

మేనేజర్ ముఖం కందిపోయింది. కుట్టుమిషన్ల వైపు వెళ్ళిపోయింది. చుట్టుపక్కల బల్లల దగ్గరవాళ్ళెవరూ తల ఎత్తలేదు.

ఈ వారమే పనిలో చేరిన పక్కబల్ల అమ్మాయి మాత్రం చేతిలో పని ఆపేసింది.

"మేనేజర్ని పట్టుకుని అలా అనేశారేంటి పిన్నీ? పన్లోంచి తీసేస్తే?"

"తీసేస్తే హాయిగా పడుకుంటా." అంది గానీ ఆవిడకి నవ్వు రాలేదు. పొద్దుట్నుంచీ నిలబడి నిలబడి కాళ్ళు దిమ్మెక్కిపోయాయి.

"అయినా మీ అమ్మాయేంటి, పిల్లని మీ నెత్తిన పడేసి..."

"ఏమీ అనకు దాన్ని. అల్లుడు పోయాడు. పిల్ల లేవకముందే పనికి పోతుంది, పడుకున్నాక వస్తుంది. ఇద్దరం ఆగిపోతే ఆ పిల్లకెవరే?"

కిందటి నెల మొహమాటపడి ఒక్కసారి ఆగింది. ఆవేళ, పగటిపూట పిల్లల్ని చూసుకునే ఆవిడ ఎదురుచూసి ఎదురుచూసి తలుపు తాళం వేసుకుని పోయింది. పెద్దావిడ పరుగున వెళ్ళేసరికి, వాచ్‌మన్ స్టూలు మీద పిల్ల ఒక్కతే కూర్చుని వీధిలోకి చూస్తోంది. ఏడవడం కూడా మానేసింది. ఏడ్చినా బాగుండేదనిపించింది ఆవిడకి.

గంట కొట్టగానే ఇస్త్రీపెట్టె ఆపి, ఎవరివైపూ చూడకుండా బయటపడింది పెద్దావిడ. చూసుకునే ఆవిడ దగ్గర్నుంచి పిల్లని తీసుకుని, చంకనేసుకుని ఆయాసపడుతూ ఇంటి మెట్లెక్కింది. స్నానం చేయించి, బతిమాలి నాలుగు ముద్దలు పెట్టింది. భుజం మీద వేసుకుని జోకొడుతుంటే పిల్ల కళ్ళు మూతలు పడ్డాయి.

అప్పుడే ఫోన్ మోగింది. ఫ్యాక్టరీ నుంచి.

తీయకూడదనుకుంటూనే తీసింది. "రేపు కూడా ఆగను. ముందే చెబుతున్నా," అంది గొంతు తగ్గించి.

అవతల మిషన్ల హోరు. ఆ హోరులోంచి మేనేజర్ గొంతు:

"నా కూతురు పడుకుందా, అమ్మా?"