కుంటుడు కోచింగు

"బాపు, మల్ల తప్పు! నొప్పి మోకాల్ల ఉంటే మొకం గంత నిమ్మలంగ ఎందుకుంటది?"

సన్నీ విజిల్ ఊదాడు. క్వార్టర్ ముందు సందులో కుంటుతున్న పోశం ఆగి గోడ పట్టుకున్నాడు.

"మా ఆటల చూస్తలేవా? ఎవడన్న తాకకముందే పడాలె. పడ్డంక మోకాలు పట్టుకోని పొర్లాలె. రెఫరీ గుండె కరగాలె. నువ్వేమో పండ్లు బిగవట్టుకోని నడుస్తున్నవ్. గట్లయితే డాక్టర్ ఏం నమ్ముతడు?"

"నాకు పొర్లుడు రాదురా."

"వస్తది. ప్రాక్టీస్ జెయ్యాలె."

బెల్లంపల్లి కుర్రాళ్లలో ఫుట్‌బాల్ మిడ్‌ఫీల్డ్ ఆడటంలో సన్నీని మించినవాడు లేడు. ఆ సంగతి హైదరాబాద్‌లో ఒక క్లబ్బు కనిపెట్టింది. ఒకటో తారీకుకు వచ్చి జూనియర్ జట్టులో చేరమంది. తిండి, మంచం, బూట్లు ఇస్తామంది. ఇంటివాళ్లకు మాత్రం ఆ ఘనత ఎక్కలేదు. మేనమామ హనుమండ్లుకు అసలే ఎక్కలేదు.

"గోల్ కొట్టవు, గోల్ ఆపవు. నడుమ నీ పనేందిరా?"

"బంతి అందిస్త మామా."

"అందిచ్చి?"

"గంతే. కొట్టెటోడు కొడ్తడు."

"మరి పేరు?"

"కొట్టినోనికి."

"శాబాష్! గసొంటి నౌకరికి హైదరాబాద్ దాకెందుకు?"

అంతటితో ఆగక హనుమండ్లు ఉపాయం కూడా చెప్పాడు. గనిలో పనిచేసే పోశం, కంపెనీ మెడికల్ బోర్డుకు పోవాలి. బోర్డు అన్‌ఫిట్ అంటే తండ్రి ఇంటికి, తండ్రి బదులు కొడుకు బొగ్గుబాయిలోకి. నెలనెలా జీతం, ఉండటానికి క్వార్టర్, ఆపైన పిల్లనిచ్చేవాళ్ల వరస. పోశం భార్య తారాబాయి తన అన్న తెలివికి రెండు చేతులెత్తి మొక్కింది. "బంతి అన్నం పెడ్తదారా?" అని కొడుకును ఒక్కసారే అడిగింది. తల్లికి ఎదురు చెప్పడం సన్నీకి చేతకాదు. పోశం అసలే మాట్లాడే మనిషి కాదు.

తండ్రికి కుంటడం నేర్పే పని కూడా సన్నీ మీదే పడింది. తాకకపోయినా పడటంలో ఆరితేరినవాడు ఇంట్లో ఉండగా బయటి గురువెందుకు? తన ఆటకు తనే ఆఖరి విజిల్ ఊదుకునే భాగ్యం ఎంతమంది ఆటగాళ్లకు దక్కుతుంది!

పోశం మంచి శిష్యుడే. కాలు మొదటి రోజే పట్టుబడింది, మొహానికే సాధన కావలసి వచ్చింది. పెరట్లోకి పోతూ కుంటేవాడు. షిఫ్టుకు పోతూ కుంటేవాడు. సైకిల్ మానేశాడు. కింద కూర్చుని తినడం మానేసి పళ్లెం మంచం మీదికే తెప్పించుకున్నాడు. మోకాలికి పొద్దునా సాయంత్రం తైలం పట్టించేవాడు.

"నా ముందట గూడ ఏం నాటకమయ్యా?" అని తారాబాయి నవ్వేది.

"వాసన రావాలె గదనే. డాక్టర్లు ముక్కుతోని గూడ జూస్తరు."

ఒకనాడు కొడుకు ఆట చూడటానికి పోయాడు. అందరూ గడ్డి మీద కూర్చుంటే తను గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నలుగురి మధ్యలోంచి సన్నీ తీసి ఇచ్చిన బంతిని ఇంకొకడు గోల్‌లోకి తన్నాడు. జట్టంతా తన్నినవాడి మీద పడి ఎగిరింది. పోశం ఒక్కడే మైదానం నడుమ ఆగిపోయిన కొడుకు వైపు చూశాడు.

"హైదరాబాదోళ్లు ఒకటో తారీకే అన్నరు గదా?" వచ్చేటప్పుడు అడిగాడు.

"ఇగ గది ఇడిసెయ్ బాపు. నువ్వు కాలు ఈడ్చుడు మీద ధ్యాస వెట్టు."

బోర్డు రోజు హనుమండ్లు వెంట పోయి తలుపు సందులోంచి అంతా చూశాడు. ఇంటికొచ్చి నెత్తి కొట్టుకున్నాడు.

"పరేడ్ లెక్క నడిచిండు చెల్లె! కూసొమ్మంటే కూసున్నడు, లెవ్వమంటే లేసిండు. గుంజీలు తియ్యమంటే, ఏసీ రూంల చెమటలు గారంగ, అడిగినదానికంటె ఒకటెక్కువ తీసిండు! డాక్టర్ భుజం తట్టి 'నువ్వు గట్టోనివే' అన్నడు."

"ఏమైందయ్యా నీకు?" తారాబాయి నిలదీసింది.

"భయమైంది. మర్చిపోయిన."

"కుంటుడు గూడ మర్చిపోతరా ఎవలన్న?"

పోశం పైతువాలుతో మొహం తుడుచుకున్నాడు.

వాడకట్టంతా నవ్వింది. ఎదురైనవాడల్లా "ఏం పోశం, ఏ కాలు?" అని పలకరించాడు. కుంటాల్సిన పని తీరిపోయింది కనుక పోశం తిన్నగా నడిచి చూపించాడు. తారాబాయి మొగుడితో మాట మానేసింది. ఇక నౌకరి రాని కొడుకు ఇంట్లో ఉంటే ఏం, హైదరాబాద్‌లో ఉంటే ఏం? పొమ్మంది.

స్టేషన్‌కు తండ్రీకొడుకులు ఆటోలో వచ్చారు. అవతలి ప్లాట్‌ఫారానికి పోయే మెట్ల వంతెన దగ్గర సన్నీ ఆగాడు.

"అవతలికి రావా బాపు?"

"నువ్వు పో బిడ్డా. ఈడికెల్లే మంచిగ కనవడ్తవ్."

"నెల దినాలు నేర్పిన. నా కోచింగ్ ఇజ్జత్ తీసినవ్ పో!"

పోశం నవ్వాడు. "మంచిగ ఆడు," అన్నాడు.

రైలు కదిలింది. కిటికీలోంచి ఊపుతున్న చెయ్యి కనిపించినంతసేపు ఆయన నిటారుగా నిలబడ్డాడు. తర్వాత ప్లాట్‌ఫారం మీద చూసేవాళ్లెవరూ మిగల్లేదు.

పోశం కుంటుకుంటూ ఇంటిదారి పట్టాడు.