మాణిక్యం గొంతు

రాయి వచ్చి కారు ముందద్దానికి తగిలింది. అద్దమంతా పగుళ్లు బారింది.

సమత కారు ఆపి దిగింది. ఎదురుగా పొలంలోని మోటారు గది ముందు కుర్మయ్య రెండో రాయి పట్టుకుని నిలబడి ఉన్నాడు. అరవై దాటిన మనిషి.

"టేపుల కోసమేనా మళ్ల? ఇయ్య. పో."

"తాతా, నేను దొంగను గాదు. మాణిక్యం సారు పాటలు మళ్ల రికార్డులేసి జనానికి ఇస్త."

"సారు కాపలా ఉండుమన్నడు. ఇయ్యుమనలే."

"సారు పోయి మూడు నెలలాయె."

"ఇగ ఇయ్యుమనేటోడు ఎవడు మరి?"

సమత వెనక్కి నడిచి కారు దగ్గరికి వచ్చింది.

మాణిక్యం ఈ ఊరి మనిషే, చిన్న మంగళారం. సైకెడెలిక్ రాక్ అనే పాశ్చాత్య సంగీతం ఇక్కడ ఎవరికీ తెలియని రోజుల్లో, సికింద్రాబాద్ క్లబ్బుల్లో జుట్టు విరబోసుకుని తెలుగులో వింత వింత పాటలు పాడాడు. తను పాడే బ్యాండు నుంచి విడిపోయి ఒక్కడే రెండు ఆల్బమ్‌లు చేశాడు. అప్పుడు పట్టించుకున్నవాడు లేడు. ఇప్పుడు వాటి కోసం కుర్రకారు పిచ్చెక్కినట్టు వెతుకుతోంది. దొరికే పాత రికార్డులన్నీ గీతలు పడ్డవే. అసలు టేపులు ఈ మోటారు గదిలో, ఒక ఇనప్పెట్టెలో ఉన్నాయి. సమత నాలుగేళ్లుగా తిరుగుతున్నది వాటి కోసమే.

మాణిక్యం పోగానే, వారసుడైన మేనల్లుడు రాకేష్ టేపులు ఆమెకిస్తూ కాగితాల మీద సంతకం పెట్టాడు. సమత అతనికి ఫోన్ చేసింది.

"ఇది అయిదోసారి అన్నా. ఇయ్యాల రాయి వేసిండు."

"వాడెవ్వడు మేడం వద్దననీకి? ఎక్కడికెల్లి వచ్చిండో, ఏండ్ల సంది మా మామ మీద పడి తిన్నడు. వస్తున్న ఆగుండ్రి."

"కొట్టకుండ్రి. జర భయపెట్టుండ్రి, చాలు."

అరగంటలో రాకేష్ ఇద్దరిని వెంటబెట్టుకుని మొయినాబాద్ నుంచి వచ్చాడు.

భయపెట్టడం ఒక్క నిమిషమే. కుర్మయ్య గడప మీద నుంచి కదల్లేదు.

ఒకడు చెయ్యి పట్టి లాగితే మణికట్టు కొరికాడు. రెండోవాడు పార తిరగేసి కర్ర కామతో భుజం మీద వేశాడు. ఎముక విరిగిన చప్పుడు సమతకు వినిపించింది.

కిందపడ్డవాణ్ని రాకేష్ డొక్కలో తన్నాడు. ఒకసారి కాదు.

"వద్దన్నా! చచ్చిపోతడు, ఆపుండ్రి!"

ఎవరూ ఆమె వైపు చూడలేదు.

కుర్మయ్య నోట్లోంచి నెత్తురు కారుతోంది. అట్లాగే పాక్కుంటూ లోపలికి పోయి, ఇనప్పెట్టె మీద బోర్లా పడుకున్నాడు.

"పొగవెడితే ఎలకలెక్క నువ్వే వస్తవ్ బయటికి," అంటూ రాకేష్ గోడ పక్కనున్న వరిగడ్డికి అగ్గిపుల్ల గీశాడు.

పొగ కోసం పెట్టిన మంటే. కానీ గాలి దాన్ని తలుపు లోపలికి నెట్టింది. లోపల మోటారుకు పోసే డీజిల్ డబ్బా ఉంది.

గది భగ్గుమంది.

అందరూ వెనక్కి ఉరికారు. రాకేష్ వెంట వచ్చినవాళ్లు ఆగకుండా ఉరుకుతూ గేటు దాటారు.

అప్పుడు తలుపులోకి ఇనప్పెట్టె వచ్చింది. దాని వెనక నెడుతున్న ఒక చెయ్యి. దాని వెనక కుర్మయ్య. అంగీ కాలుతోంది. పెట్టెను గడప దాటించి అక్కడే కూలిపోయాడు.

సమత పరుగెత్తింది. ముందు పెట్టెను లాగింది. తర్వాతే మనిషిని.

ఆ సంగతి ఆమెకు కారులో చేవెళ్ల దవాఖానకు పోతుంటే తెలిసొచ్చింది.

వెనక సీట్లోంచి కుర్మయ్య అడిగాడు. "కాలలే గద, బిడ్డా?"

"చేతులు, వీపు బాగ కాలినయ్ తాతా. మాట్లాడకు."

"నేను గాదు. టేపులు."

"కాలలే. మంచిగున్నయ్."

కుర్మయ్య కళ్లు మూసుకున్నాడు. మళ్లీ తెరవలేదు.

సమత పోలీసులకు అంతా చెప్పింది. భయపెట్టమని తానే అన్న సంగతి కూడా దాచలేదు. రాకేష్‌ను తీసుకుపోయారు.

రాకేష్ తల్లి సుగుణమ్మ మాణిక్యానికి సొంత చెల్లెలు. ఆమె కొడుకు కోసం ఠాణాకు పోతుందని అంతా అనుకున్నారు. ఆమె నేరుగా దవాఖానకు వచ్చి, వరండాలో పెట్టె ముందు కూర్చుంది.

సమత మూత తెరిచింది. ఒక్కో టేపు ఒక్కో పాత పంచె గుడ్డలో చుట్టి ఉంది. మధ్యమధ్యన ఎండు వేపాకు. వేటికీ చెమ్మ తగల్లేదు, చెద పట్టలేదు.

"అవ్వా, ఈ కుర్మయ్య తాత మీకేమైతడు?"

"ఏం గాడు. ఇన్నేండ్లల్ల నేను వానికి ఒక ముద్ద పెట్టలే, వాని మొఖం సూడలే. అన్ననే ఉంచుకున్నడు."

"ఎందుకట్ల?"

సుగుణమ్మ ఒక టేపు మీది గుడ్డను సర్దింది.

"రెండు రికార్డులు చేసినంక మా అన్న పాడుడు ఎందుకు బంద్ చేసిండో నీకు ఎరుకేనా?"

"లేదవ్వా. ఎవరికీ తెల్వదు."

"క్లబ్బు ఎనక గల్లీల తాగిన పోరడొకడు అడ్డమొచ్చి, సిన్మ పాట పాడుమన్నడు. అన్న నవ్వుకుంట పోబోయిండు. వాడు కత్తి తీసి గొంతు మీద గీకిండు. పానం దక్కింది గని, పాట దక్కలే. వాన్ని జైలుల ఏసిన్రు గని, మా బాపు పరువు పోతదని సంగతి పేపర్లకెక్కనియ్యలే."

ఆమె లేచి లోపలికి నడిచింది. మంచం మీద కప్పిన తెల్లగుడ్డ మెల్లగా పక్కకు తీసింది. కమిలిన ఆ ముఖాన్ని చూస్తూ నిలబడింది.

"ఏడేండ్లకు వాన్ని జైలు నుంచి ఇడిస్తే, తన ఇంటికి గూడ పోకుంట మా అన్న గడపకే వచ్చి నిలవడ్డడు బిడ్డా, గీ కుర్మయ్య."