తెలుగులో రాసిన అర్జీ

"తుపాకీ ఎక్కడుంది పిన్నీ?" గుమ్మంలో నిలబడే అడిగాడు హెడ్ కానిస్టేబుల్ పైడిరాజు. వెనక జీపులో ఇంకో ఇద్దరు పోలీసులున్నారు.

కనకం గబుక్కున అతని చెయ్యి పట్టుకుని వరండా చివరికి లాగింది.

"మెల్లిగా బాబూ! మావోడు స్నానం చేస్తన్నాడు. ఇన్నాడంటే ఇంకేటైనా ఉందా?"

"ఇంటే ఏటి? లైసెన్సు రద్దయినోళ్లందరి దగ్గరా తీసుకుంటన్నాం. తల డాక్టరు మందులు వాడేవోళ్లు ఇంట్లో బందూక్ ఉంచుకోకూడదు. నోటీసిచ్చి రెండు నెలలైంది."

ఆ నోటీసుతోనే కొడుకు నాగేంద్రకి బ్యాంకులో గన్‌మన్ ఉద్యోగం పోయింది. అప్పట్నుంచీ ఇంట్లో మాటల్లేవు. పెట్టింది తినేసి గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంటాడు. తుపాకీ కూడా ఆ గదిలోనే, మంచం కింద. ఇంటికి దగ్గర్లోని ఉస్లాపూర్ స్టేషన్‌లో గూడ్సు బోగీలు ఢీకొన్నా, ఆ చప్పుడు కొడుకు గదిలోదేననుకుని కనకం ఊపిరి బిగబట్టేది.

"తుపాకీ తీసుకెళ్లిపొమ్మని నువ్వు అర్జీ పెట్టేవు కాబట్టే ముందు మీ ఇంటికొచ్చేం."

"నా పేరెత్తకు బాబూ, నీకు దండం పెడతాను. నానే రాసేనని తెలిస్తే మరి నా చేతి కూడు తినడు. ఈ ఊళ్లో నాకు ఆడు తప్ప ఎవరున్నారు?"

"అచ్ఛా, చెప్పన్లే. గానీ, తెలుగులో రాసి ఫిర్యాదుల పెట్టెలో పడేసేవేటి పిన్నీ? ఠాణాలో అంతా హిందీవోళ్లే, అది చదివే నాథుడు లేడు. నాకా మాట్లాడ్డమే గాని అక్షరం రాదు. వారం రోజులు అలగే పడుంది."

"మరెవరు చదివేరు?" అంది కనకం. తెలుగువాళ్లలో ఎవరు చదివినా సాయంత్రానికి కాలనీ అంతా పాకిపోతుంది.

"ఎవడో మనోడే. ఫోన్ పోయిందని రిపోర్టు ఇవ్వడానికొచ్చేడు. కూకోబెట్టి చదివించి హిందీలో రాసుకున్నాం. రోజూ కొడుకు తలుపుకి అడ్డంగా పడుకుంటన్నావనీ, ఆడు దగ్గితే బతికున్నాడని తెలిసి కునుకు తీస్తన్నావనీ, ఒక్క ముక్క వదల్లేదు. ఇంటి నంబరైతే రెండుసార్లు చెప్పి మరీ రాయించేడు. మధ్యలో ఒకట్రెండు చోట్ల ఆగిపోయేడులే. నాలాగే అక్షరాలు మర్చిపోయేడు గావాల అనుకున్నాను. చదివేక తన ఫోన్ సంగతి చెప్పకుండానే లేచెళ్లిపోయేడు, పిచ్చోడు."

లోపల నీళ్ల చప్పుడు ఆగింది. తలుపు గడియ కదిలింది.

"నువ్వేటీ అనకు బాబూ. నాను మాటాడతాను."

నాగేంద్ర తల తుడుచుకుంటూ బయటికొచ్చాడు. వరండాలో ఉన్న పోలీసుని చూశాడు. ఆగలేదు. నేరుగా తన గదిలోకి వెళ్లాడు.

కనకం "వద్దు నాన్నా!" అంటూ వెనకే పరిగెత్తింది.

ఆమె గది దాకా చేరకముందే అతను బయటికొచ్చాడు. దుప్పట్లో చుట్టిన తుపాకీ, తూటాల పెట్టె, లైసెన్సు పుస్తకం తెచ్చి వరండా బల్ల మీద పెట్టాడు. తల్లి వైపు చూడలేదు.

"సంతకం ఎక్కడ పెట్టాలి?" అన్నాడు.

పైడిరాజు కాగితం తియ్యబోయి, అతని మొహం చూసి ఆగిపోయాడు.

"అరే భాయ్! మొన్న ఆ అర్జీ చదివిపెట్టింది నువ్వే కదా!"