రాజుగారి రాయి

యుద్ధంలో కొహిమా కొండల మీదుగా తమ క్షతగాత్రులను మేం మోసుకెళ్లినందుకు తెల్లవాళ్లు మా నాగా పల్లెకు బహుమానం పంపారు: వాళ్ల రాజు పేరు చెక్కిన నిలువెత్తు రాయి. దాన్నీ కొండెక్కించింది మేమే.

ఆవిష్కరణకు వచ్చిన దొరను ఖ్రియెలీ తాత అడిగాడు.

"విందెప్పుడు దొరా? రాయి నిలబెట్టినోడు ఊరందరికీ తిండి పెట్టాలిగా!"

"మా రాజు కృతజ్ఞత చాలదా?" అన్నాడు దొర.

"పాపం, దున్న కూడా లేని రాజు," అని తాత తనకున్న ఒక్క దున్ననూ కోయించాడు.

దొర పీకలదాకా మెక్కి, "ఇదీ విశ్వాసమంటే!" అని తాత భుజం తట్టాడు.

ఊరంతా గొల్లున నవ్వింది.

మా దగ్గర విందు పెట్టినవాడిదే రాయి. తిన్నవాళ్లంతా సాక్షులు.

మొదటి సాక్షి దొరే.