గిటారు పైపలక

పైపలక ఇంకా అతికించలేదు. దాన్ని ఎడమ చేత్తో ఎత్తి పట్టుకుని, వేలి కణుపుతో మధ్యలో టకటకా కొట్టాడు థామస్. కొట్టి, ఎదురుగా చింతపండులో గింజలు తీస్తున్న భార్య ఏసమ్మ వైపు చూశాడు. ఏసమ్మ మూతి విరిచింది.

"ఇంకా మందంగా ఉన్నాది," అనుకుంటూ పలక వెనక అతికించిన చెక్క బద్దను ఉలితో సన్నగా చెక్కాడు.

గిటారు పనిలో ఇక్కడికొచ్చేసరికి ఎంత పనివాడికైనా గుండె పీచుపీచుమంటుంది. పైపలకను గిటారు పెట్టె చుట్టుగోడల మీద అతికించేశాక, ఇక లోపలి బద్దల జోలికి వెళ్లడం కుదరదు. మంచో చెడో లోపలే ఉండిపోతుంది. ఆ సంగతి థామస్‌కి తెలిసినంతగా రాజాంలో ఇంకెవరికీ తెలియదు. క్రిస్మస్‌కి చర్చికి చేసిచ్చిన గిటారులో ఓ బద్ద ఊడిపోయి, మొదటి పాటకే గరగరమంది మరి.

కొందరు చెవులు మూసుకున్నారు. పాటలు పాడే క్వయర్ పిల్లలు పగలబడి నవ్వారు. ముందు వరసలో కొత్త చొక్కా తొడుక్కుని కూర్చున్న థామస్ మాత్రం పెళ్లికొడుకులా వెలిగిపోతూ చప్పట్లు కొట్టాడు. తన పనితనానికి జనం మురిసిపోతున్నారనుకున్నాడు వెర్రిబాగులవాడు! గొప్ప తలకెక్కితే అంతే. మర్నాడు ఎవరో వాట్సాప్‌లో పంపిన వీడియో చూశాక గానీ అసలు సంగతి బోధపడలేదు. అన్ని నవ్వుల మధ్యా తన చప్పట్లు. సిగ్గుతో చితికిపోయాడు. అప్పట్నించి చర్చిలో ఆఖరి బెంచీ మీదే కూర్చుంటున్నాడు.

ఈస్టర్‌కి ఇంకో గిటారు చేసిస్తానని తనే వెళ్లి ఒప్పుకున్నాడు. ఇదీ పాడైతే చర్చివాళ్లు విశాఖపట్నంలో కొనుక్కుంటారు, వాళ్లకేం. థామస్ పని అయిపోయిందని ఊరంతా అనుకుంటుంది. అదే అతని భయం.

"మావా!"

గుమ్మంలోంచి శాంతి పిలిచింది. చర్చిలో క్వయర్ నడిపేది ఆమే. ఆమె తల్లీ థామసూ ఒకప్పుడు జూట్ మిల్లులో పక్కపక్క మగ్గాల మీద పనిచేశారు.

థామస్ తలెత్తలేదు.

"మావా, నిన్నే పిలుస్తన్నాను!"

ఏసమ్మ ఓ చింతగింజ తీసి అతని మోకాలికేసి కొట్టింది. తలెత్తి, ఆమె చూపు ఎటుందో చూసి, అటు తిరిగాడు.

"పనిలో పడితే మీ మావకి పిడుగు పడ్డా పట్టదమ్మా," అంది ఏసమ్మ గబగబా.

వీడియోలో అందరికంటే ఎక్కువ నవ్వింది ఈ పిల్లే. ఆ ముఖం చూడాలంటే థామస్‌కి తల కొట్టేసినట్టుంది. అయినా చూడక తప్పదు కనక చూశాడు.

"ఈపాలి బాగా మోగుతాదా మావా?"

"నువ్వే సూడు."

పలక ఎత్తి కొట్టాడు. ఏసమ్మ వైపు చూశాడు. ఇంకో రెండు పొరలు చెక్కాడు. మళ్లీ కొట్టాడు. ఈసారి ఏసమ్మ కళ్లు మూసి తెరిచింది.

"అదీ! గంట కొట్టినట్టు లేదూ?" అన్నాడు థామస్ దర్జాగా.

శాంతి అతని వైపు చూడలేదు. ఏసమ్మ వైపు చూసింది. ఏసమ్మ చింతపండులోకి తల వంచేసింది.

బద్దల కొసలు చుట్టుగోడల్లో కోసిన గాడుల్లో సరిగ్గా కూర్చుంటున్నాయో లేదో థామస్ వేలితో తడిమి చూసుకున్నాడు. అంచంతా జిగురు రాశాడు. ఊపిరి బిగబట్టి పైపలక దించాడు.

"అదిమి పట్టుకో అమ్మా. కదపకు."

శాంతి రెండు చేతులతో అదిమి పట్టింది. అతను గోనె పురికొసను పెట్టె చుట్టూ తిప్పి తిప్పి బిగించాడు. మిల్లులో పనిచేసిన చేతులు కదా, ముడి ఎక్కడా జారలేదు. అంచు వెంట జిగురు పూసలు పూసలుగా పైకి వచ్చింది. తడిగుడ్డతో తుడిచేశాడు. క్రిస్మస్ తర్వాత మొదటిసారి అతని ప్రాణం తెరిపిన పడింది.

శాంతి చేతులు ఇంకా పలక మీదే ఉన్నాయి. తలెత్తి థామస్‌ని చూసింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"ఆ రోజు నవ్వీసినాను. నామీద కోపమేటి మావా?"

"కోపమేటమ్మా! నీ ఈడులో అయితే నేనూ నవ్వీసేవోణ్ణి," అన్నాడు థామస్. ఆ మాట అనగానే గుండెలో బరువు దిగిపోయినట్టయింది. "తప్పు నాదే. బద్ద సరిగ్గా అంటుకోలేదు."

ఏసమ్మ చేతిలోంచి చింతపండు గిన్నె జారి పడింది. గింజలన్నీ గచ్చు మీద చెల్లాచెదురయ్యాయి.

ఏమైందో తెలియక థామస్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఏసమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది. శాంతి మాత్రం అతని కళ్లలోకే చూస్తోంది.

మిల్లులో మగ్గాల హోరుకి మాట వినపడక వాళ్లమ్మ మాట్లాడినట్టే, శాంతి ఆ మాటను గొంతు విప్పకుండా ఒట్టి పెదాలతోనే అడిగిందని థామస్‌కి అప్పుడు అర్థమైంది.