దిగని ముద్ద

కంచం నాగరాణి చెవికి తగిలి గోడను కొట్టుకుంది. పప్పు ఆమె మెడ మీదుగా జారింది.

"మళ్ళ చేదున్నది. ఏం కలిపినవే?" అన్నాడు ధనుంజయ్, కక్కిన నోరు తుడుచుకుంటూ.

"ఉప్పు, కారం. ఇంకేం కలుపుత?"

ఆ ఇంట్లో ఇది రోజూ ఉండేదే. ముద్ద మింగితే రొమ్ము దగ్గర అడ్డం పడుతుంది. నీళ్ళు తాగితే నీళ్ళూ అక్కడే ఆగుతాయి. కాసేపటికి మొత్తం తిరిగి వచ్చేస్తుంది. ఒక్కోసారి నాలుక మీద చేదు మిగులుతుంది. ధనుంజయ్ సగం మనిషయ్యాడు. గొర్రెల వెంట కాస్త నడిస్తే ఆయాసం. చేతుల్లో బలం మాత్రం తగ్గలేదు.

ఆ చేతులూ కాళ్ళూ మొదటి నుంచీ అంతే. పెళ్ళయిన ఏడాదే, గొర్రె తప్పిపోయిందని కడుపుతో ఉన్న భార్యను తన్నాడు. కడుపు నిలవలేదు. కోపంలో జరిగిందిలే అనుకుని అతను ఆ సంగతి మరిచిపోయాడు.

"పెట్టుడు మందు పెట్టింది. మొగుణ్ణి గుప్పిట్ల పెట్టుకుందామని," అని తల్లి రేణుకమ్మ తేల్చేసింది. అలాంటి మందు కక్కించేవాడు కోదాడ దగ్గర ఉన్నాడని తెలిసి కొడుకును తీసుకుపోయింది. ఆ మనిషి ఆకుపసరు తాగించి, వీపు మీద గుద్దాడు. పళ్ళెంలో పడినదాన్ని పుల్లతో కెలికి, నల్లటి ఉండ ఒకటి పైకి తీశాడు.

"చూశారా, ఇదేనండి మీ ఇంటావిడ పెట్టింది."

చివ్వెంలలో బస్సు దిగి ఇల్లు చేరారు. రేణుకమ్మ కోడలి జుట్టు పట్టుకుంది. ధనుంజయ్ భార్య కుడి చెయ్యి తలుపు సందులో పెట్టి, తలుపును కాలితో తన్నాడు. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. ఇంకోసారి తన్నాడు. ఆ తర్వాత ఆమె రెండు వేళ్ళు వంగలేదు.

ఆ చేత్తోనే నాగరాణి మళ్ళీ వండింది. అతను మళ్ళీ కక్కాడు. మళ్ళీ కొట్టాడు.

ఒకరోజు గొర్రెపొట్టేలును అమ్మడానికి సూర్యాపేట పోయి, సంతలోనే కళ్ళు తిరిగి పడిపోయాడు. అక్కడి దవాఖానావాళ్ళు చూసి మిర్యాలగూడకు పంపారు. తల్లీ, భార్యా వెంట పోయారు.

మిర్యాలగూడ డాక్టర్ గొంతులోంచి కెమెరా దింపి చూశాడు. హోటల్లో తిన్నా కక్కుతున్నాడా అని అడిగాడు. కక్కుతాడని రేణుకమ్మ చెప్పింది. మరి ఇంట్లో వండేమనిషిది ఏం తప్పు అన్నాడు ఆయన. అన్నవాహిక చివర కండరం బిగుసుకుపోయిందట, గడియపడ్డ తలుపులాగా. తిన్నది పైనే నిలిచి పాడైపోతుందట. నోటికి ఏ పాడు రుచి తగిలినా అందువల్లేనట. పొట్టకు చిన్న చిన్న కంతలు పెట్టి ఆ కండరం కోసేస్తే కక్కడమూ ఉండదు, ఆ చేదూ ఉండదు.

రేణుకమ్మ కోడలి వంగని వేళ్ళు పట్టుకుని ఏడ్చింది. నాగరాణి చెయ్యి వెనక్కి తీసుకుంది. డాక్టర్ని ఒకటి అడిగింది.

"ఇగ ఏం పెట్టినా కక్కడు గద సార్?"

"కక్కడమ్మా. మింగింది మింగినట్టు పొట్టలోకి పోతుంది."

ఆమె ఆయనకు దండం పెట్టింది.

ఆపరేషన్ అయింది. ముక్కులోంచి పొట్టలోకి సన్నటి పైపు వేశారు. కోసినచోట లోపలి పొర ఉల్లిపొరలా ఉంటుందని, పైపును గుంజితే అది చిరగొచ్చని డాక్టర్ గట్టిగా చెప్పాడు. ఎక్స్‌రే తీసి చూసేదాకా నీళ్ళు కూడా తాగించొద్దన్నాడు. ఆ పొర చిరిగితే మనిషి దక్కడు.

రేణుకమ్మ గొర్రెలను చూసుకోవడానికి ఊరికి పోయింది. మత్తు దిగగానే ధనుంజయ్ పైపు మీద చెయ్యి వేశాడు. నాగరాణి అతని రెండు మణికట్లూ ఒడిసిపట్టింది. గింజుకున్నాడు. మోకాలితో కుమ్మాడు. ఆమె పెదవి చిట్లి నెత్తురు దుప్పటి మీద పడింది. పట్టు వదల్లేదు. నర్సు గౌరీబాయి పరుగున వచ్చి అతని చేతులను మంచానికి కట్టేసింది.

"నేనైతే గా పైపుతోటే ఉరేస్తుంటి. నువ్వు బంగారమమ్మా," అని నవ్వుకుంటూ పోయింది.

ఇద్దరే మిగిలారు. నాగరాణి నెత్తురు కొంగుకు తుడుచుకుంది. నీళ్ళ సీసా మూత తీసింది. ధనుంజయ్ కట్టేసిన చేతులు గుంజుకున్నాడు. తలుపు సందు గుర్తొచ్చింది, ఆ చప్పుడు గుర్తొచ్చింది. ఆమె సీసాతో మీదికి వంగింది. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

పెదవుల మీద తడి దూది తగిలింది.

"మింగకు. సార్ చెప్పేదాంక సుక్క గూడ లోపటికి పోవద్దు."

అతని కన్నీళ్ళు ముక్కు మీది ప్లాస్టర్‌ను తడిపాయి.

ఎక్స్‌రే బాగుంది. పైపు తీసేశారు. పల్చటి జావతో మొదలుపెట్టమన్నారు. క్యాంటీన్‌లో దొరుకుతుందని గౌరీబాయి చెప్పినా వినకుండా, దవాఖానా వెనక రేకులషెడ్డులో నాగరాణి తనే కాచి తెచ్చింది.

"నాగా," అన్నాడు బొంగురు గొంతుతో. "నేను మనిషిని గాదే. ఇంటికి పోయినంక నిన్ను మంచిగ సూసుకుంట."

"ముందుగాల తాగు. సల్లారుతది."

గిన్నె అంచు మీద ఆమె వంగని వేళ్ళు నిటారుగా ఉన్నాయి. అతను ఆకలి మీద గుక్క వెనక గుక్క తాగాడు. రొమ్ము దగ్గర ఎక్కడా ఆగలేదు. వెచ్చగా, నేరుగా లోపలికి జారిపోయింది. ఆ సుఖానికి మళ్ళీ ఏడుపొచ్చింది.

"దిగిందా?" అని అడిగింది నాగరాణి.

తలూపాడు.

గిన్నె ఖాళీ అయ్యాక అతని నాలుక మీద మిగిలింది, ఇన్నాళ్ళూ ఇంటి అన్నం కక్కుకున్నప్పుడు మిగిలిన అదే చేదు.